ఇంటి ముచ్చట్లు: పిల్లలు ఎవరినడుగుతున్నారు?

మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ముచ్చట ఇది. మా మనవరాలికి 13 ఏళ్లు. ఇక్కడే నాందేడ్‌లో మరాఠీ బడిలో చదువుతోంది. అట్లు పోస్తానని సరదాపడి పెనం అంచుకు వేళ్లు తగిలించుకుంది. పక్క గదిలోనే నేనున్నాను. అయినా పిలవలేదు. ఫోన్లో ఓ వీడియో చూసి, టూత్‌పేస్టు రాసుకుని కూర్చుంది!

"నన్నడగొచ్చు గదనే!" అన్నాను.

"నువ్వైతే ఏం చేసేదానివి, నానమ్మా?" అంది.

నా దగ్గర మాట లేదు. మా చిన్నప్పుడు కాలితే ఇంకు పోసేవాళ్లు, నెయ్యి రాసేవాళ్లు. నేనూ అదే చెప్పేదాన్ని.

సాయంత్రం డాక్టరుగారు ఇద్దరికీ చీవాట్లు పెట్టారు. కాలిన వెంటనే 20 నిమిషాలు కుళాయి కింద చన్నీళ్లు పోనివ్వాలట. పేస్టు, నెయ్యి, ఐసు ఏదీ పనికిరాదట. ఇంటికొచ్చి వెతికితే ఇదే మాట చెప్పే డాక్టర్ల వీడియోలూ కనిపించాయి. పిల్ల మొదట దొరికిన దానితోనే ఆగిపోయింది.

తప్పు పిల్లది మాత్రమే కాదు. యూట్యూబ్ 2012 నుంచి జనం ఎంతసేపు చూశారన్న లెక్కకు పెద్దపీట వేసింది. ఎక్కువసేపు చూసినంత మాత్రాన అది సరైన మాట కానక్కర్లేదు కదా! 2016లో జియో వచ్చాక నెట్ చౌకైంది. సైకిలు చైను ఊడినా, లెక్క రాకపోయినా, మొటిమ లేచినా పిల్లలకు వీడియోనే దిక్కు. అది "ఈ వయసులో నీకెందుకు?" అని కసరదు. మనం కసురుతాం.

మనకు ఇంకో నష్టం కూడా ఉంది. 1956 దాకా ఈ ఊరు హైదరాబాదు రాష్ట్రంలోదే. ఇప్పుడు మన పిల్లలకు బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో తెలుగు. సందేహాలన్నీ ఆ రెండు భాషల్లోనే తీరిపోతే, తెలుగు "అన్నం తిన్నావా" దగ్గర ఆగిపోతుంది.

అందుకే మా ఇంట్లో ఓ ఒప్పందం చేసుకున్నాం. చూడొద్దని నేననను. కానీ ఒకటి కాదు, రెండు వీడియోలు చూడాలి. చెప్పే మనిషి ఎవరో, ఏదైనా అమ్ముతున్నాడేమో గమనించాలి. ఆ తర్వాత నాకు తెలుగులో చెప్పాలి. మాట దొరక్కపోతే నేనందిస్తాను. నాకు తెలియనిది తను నేర్పుతుంది.

వేళ్లు మానాయి. నిన్న "నానమ్మా, ఒకటడగనా?" అంటూ వంటింట్లోకి వచ్చింది. పొయ్యి కట్టేసి కూర్చున్నాను.

మీ ఇంట్లో ఎలా ఉందో రాయండి.