మెదకు చర్చిని కట్టినదెవరు?

మెదకు పట్టణమునకు మెతుకుదుర్గమని పూర్వనామము చెప్పుదురు. ఆ ప్రాంతమునకు మెతుకుసీమ యను వాడుక నేటికిని కలదు. అన్నపు మెతుకు పేరు మోసిన ఆ యూరిలో, ఆ మెతుకునకే కరవు వచ్చిన దినములలో లేచిన కట్టడము మెదకు చర్చి. దాని చరిత్ర చెప్పువారు గోపురముతో మొదలుపెట్టి గోపురముతోనే ముగింతురు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు; ఒక్కసారిగా ఐదువేలమంది ప్రార్థన చేయవచ్చును. విహారయాత్రకు వచ్చిన విద్యార్థులు ఈ యంకెలను నోటుపుస్తకములలో వ్రాసికొని పోవుదురు. గోపురము చార్మినారును మించునని నిజాము కొలువులో అభ్యంతరము పుట్టెనను కథను గూడ ఎవరో ఒకరు వారికి చెప్పక మానరు. కథ రుచిగానే యుండును. దానివలన చర్చిని గూర్చి తెలియునది మాత్రము స్వల్పము.

వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదు చేరెను. తొలుత తిరుమలగిరిలోని ఆంగ్లసైనికుల నడుమ బోధకుడుగా నుండెను. ఆ పని ఆయన మనస్సునకు పట్టలేదు. పల్లెలను వెదకికొనుచు మెదకునకు వచ్చెను. అచ్చటినుండి హైదరాబాదునకు గుఱ్ఱముపై రాకపోకలు సాగించెను. అప్పటికి మెదకులోని క్రైస్తవులు ఇంచుమించు రెండువందలమంది.

మెథడిస్టులకు రాతిగోపురములతో పుట్టుకనుండి వచ్చిన పొత్తు లేదు. 1739లో జాన్ వెస్లీ ఇంగ్లండులో గుడి గోడలు దాటి, ఆరుబయట బొగ్గుగని కూలీలకు బోధించెను. అట్లు బయలులో బలపడిన మతశాఖ మెదకువంటి చిన్న యూరిలో ఇంత పెద్ద ఆలయమును తలపెట్టుటకు హేతువేమి? భక్తి యొక హేతువు. కరవు మఱియొకటి. 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. ఆ దినములలోనే ఈ సీమను క్షామము పీడించినది. ఊరక అన్నము పెట్టుటకు మాఱుగా పాస్నెట్ పని కల్పించి కూలి యిచ్చెను. పదేండ్లు సాగిన ఆ పని 1924 డిసెంబరు 25న ఆలయప్రతిష్ఠతో ముగిసెను.

వివాదమంతయు ఆ కూలి దగ్గఱనే యున్నది. అన్నము కొఱకు మతము మార్చుకొనిరని యొక వర్గము ఎత్తిపొడుచును. దొరగారు మాకన్నము పెట్టి బ్రదికించెనని మఱియొక వర్గము చేతులు జోడించును. ఒకటి నింద, ఒకటి స్తుతి. కాని రెండింటిలోను పల్లెవాడు చేయి చాచి నిలిచినవాడే. రాళ్లు మోసి, సున్నము కలిపి, పగలంతయు ఎండలో ఒళ్లు వంచినవాడు సాయంకాలము పుచ్చుకొన్నది భిక్షమెట్లగును? అది వాని కష్టార్జితము. పాస్నెట్ గొప్పతనమును కాదనుటకు ఎవ్వరికిని తరము కాదు. క్షామములో భిక్షము గాక కూలి యిచ్చుటయే ఆయన వివేకము. ఆ వివేకమును పొగడుచునే కూలివానిని భిక్షకునిగా మార్చుట న్యాయము కాదు.

ఇచ్చటి గ్రామక్రైస్తవులలో పెక్కుమంది మాల మాదిగ కులములవారు. తరతరములుగా ఎన్నో గుళ్లకు రాళ్లెత్తిన చేతులు గడప వెలుపలనే యాగినవి. తాము మోసిన రాళ్ల నడుమ తామే కూర్చుండి ప్రార్థించుట 1924లో సామాన్యమైన సంగతి కాదు. ఈ సంగతి 175 అడుగుల లెక్కలోనికి రాదు.

నేల పలకలు బ్రిటనునుండి వచ్చినవి. ఫ్రాంక్ సాలిస్‌బరీ రచించిన రంగుటద్దముల గవాక్షములు తరువాత ఒక్కొక్కటిగా అమరినవి: క్రీస్తు ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో. అవి చూడదగినవే. అయితే వాని వన్నె వెలుపలి వెలుతురుది. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట లోనివారికి అవి నల్లని పలకలు. అప్పుడును చేతికి తగులునది స్థానికులు మోసి పేర్చిన రాయి.

ఈ ఆలయమును నేడు మెథడిస్టు చర్చి యనుట సరిగాదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా ఇది మెదకు అధ్యక్షమండలమునకు ప్రధానాలయమైనది. 1968లో పి.వై. లూక్, జాన్ కార్మన్ ఈ మండలపు పల్లె క్రైస్తవులను గూర్చి ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించిరి. గోపురమును విడిచి గుడిసెలవైపు చూచిన అట్టి ప్రయత్నములు తెలుగులో విరివిగా రావలసియున్నది.

ఆలయమునకు 2024లో నూఱేండ్లు నిండినవి. రాళ్లు మోసినవారి మునిమనుమలు మెదకు చుట్టుపట్ల బడులలో చదువుకొనుచుండవచ్చును. ఉపాధ్యాయులు విద్యార్థులను చర్చికి కొనిపోవుటకు ముందు, ఇంటి పెద్దలనడిగి నాలుగు సంగతులు వ్రాసికొని రమ్మనవలెను: తమ యింటినుండి పనికి పోయినదెవరు, రాయి ఏ గుట్టనుండి వచ్చెను, ఆడవారి కూలి యెంత, అది గింజలుగా ముట్టెనా, డబ్బుగా ముట్టెనా.