రెండో రౌండులో కాళ్ళెందుకు మొరాయిస్తాయి?

ప్రశ్న: నా వయస్సు 21. పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాను. రోజూ తెల్లవారుజామున జె.ఎన్.ఎస్. మైదానంలో 800 మీటర్లు శక్తికొద్దీ పరుగెత్తుతున్నాను. రెండు నెలలైనా 5 నిమిషాల 45 సెకన్లకు తగ్గటం లేదు. మొదటి రౌండు 2 నిమిషాల్లో అవుతుంది. రెండో రౌండులో ఆయాసం, గుండెదడ, కాళ్ళు లాగటం. వేగం పెరగటానికి ఏదైనా టానిక్కు ఉందా?

– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: టానిక్కు సంగతి చివర చెబుతానమ్మా. 2022 నాటి నియామకాల్లో స్త్రీలకు 800 మీటర్లకు ఇచ్చిన గడువు 5 నిమిషాల 20 సెకన్లు. అంటే రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు. మీరు మొదటి రౌండు 2 నిమిషాల్లో ముగించి, రెండోదానికి 3 నిమిషాల 45 సెకన్లు తీసుకుంటున్నారు. మొదట్లోనే అలా ఉరికితే కండరాలకు కావలసినంత ప్రాణవాయువు అందక, వాటిలో ఆమ్లత్వం పెరిగి కాళ్ళు మొరాయిస్తాయి. గడియారం చూసుకుంటూ ప్రతి 100 మీటర్లకు 40 సెకన్ల చొప్పున పరుగెత్తండి.

ఇక, రోజూ పరీక్ష పెట్టుకోవటం సాధన కాదు. 1930లలో జర్మనీలో గెర్ష్లర్ అనే శిక్షకుడు, ఒక గుండె వైద్యుడితో కలిసి, దూరాన్ని ముక్కలు చేసి మధ్యలో విశ్రాంతి ఇచ్చే పద్ధతిని తీర్చిదిద్దాడు. ఆయన శిష్యుడు హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తాడు. ఆ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు! మీరు వారానికి రెండు రోజులు 200 మీటర్లను 70 సెకన్లలో పరుగెత్తి, రెండు నిమిషాలు నడవండి. ఇలా ఆరుసార్లు. మరో మూడు రోజులు పక్కవారితో మాట్లాడగలిగేటంత నెమ్మదిగా 20 నిమిషాలు. మిగతా రెండు రోజులు విశ్రాంతి. పూర్తి 800 మీటర్లను ఆరు వారాల దాకా ముట్టుకోవద్దు.

అయితే ఇవన్నీ మొదలుపెట్టకముందే రక్తపరీక్ష చేయించుకోండి. రెండు నెలల సాధన తర్వాత కూడా ఈ దడ, ఆయాసం ఉన్నాయంటే నాకు ముందు రక్తహీనత మీదే అనుమానం. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు అది ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే, ప్రాణవాయువును మోసే బండ్లే తక్కువన్నమాట. అప్పుడు ఎంత పరుగెత్తి ఏం లాభం? నెలసరి ఎక్కువగా అవుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. ఇనుము మాత్రలు రాస్తే నిమ్మరసంతో వేసుకోండి, టీతో వద్దు. మలం నల్లగా వస్తే భయపడకండి. రక్తం పెరగటానికి వారాలు పడుతుంది గనుక ఈ వారమే వెళ్ళండి. మీకు కావలసిన టానిక్కు అదే. మైదానం దగ్గర అమ్మే పొడులు, సూదులు జోలికి పోకండి.

పరుగులో ఛాతీ నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవటం ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయస్సులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఇ.సి.జి. తీయించి డాక్టరుకు చూపించేవరకు పరుగు ఆపండి.