పెట్టేది పదిమందికి... చేరేది ఎందరికో!

క్యాంపస్ సెలెక్షన్ల సీజన్‌లో ఏ కాలేజీ వాట్సాప్ గ్రూపు చూసినా ఒకటే సందడి. ఆఫర్ లెటర్ రాగానే ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టేయడం మామూలైపోయింది. కష్టపడి సాధించారు, నలుగురికీ చెప్పుకోవాలనిపించడంలో తప్పేముంది? కానీ ఆ కాగితంలో మీ పేరొక్కటే ఉండదు. ఇంటి చిరునామా, జీతం, చేరాల్సిన తేదీ, హెచ్ఆర్ అధికారి సంతకం... అన్నీ ఉంటాయి. రేపు ఎవడో ఫోన్ చేసి, ఇవే వివరాలు గడగడా చెప్పి ‘జాయినింగ్‌కి డిపాజిట్ కట్టండి’ అంటే నమ్మకుండా ఉండగలరా? వాడికి సరుకు అందించింది మనమే.

ఇంటికి గడప ఉన్నట్టే మన మాటలకూ ఒక గడప ఉండేది. ఇంట్లో అనేది వేరు, వీధిలో అనేది వేరు. ఫోన్ వచ్చాక ఆ గడప ఎక్కడుందో మనకే తెలియట్లేదు. ‘నాది ప్రైవేట్ అకౌంటే కదా’ అనుకుంటాం. ఒక్క స్క్రీన్‌షాట్ చాలు, ఆ ధీమా పోవడానికి. 2017లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ కనీసం పదిమందికి ఇచ్చిన అడ్మిషన్లను వెనక్కి తీసుకుంది. ఫేస్‌బుక్‌లోని ఓ ప్రైవేట్ గ్రూపులో వాళ్లు పంచుకున్న అభ్యంతరకరమైన మీమ్‌లే అందుకు కారణం. వాళ్లకవి సరదా, యూనివర్సిటీకి కాదు.

మరి చట్టం కాపాడదా? గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టమూ వచ్చింది. అయితే అందులో ఓ మెలిక ఉంది. మన వివరాలను మనమే బహిరంగంగా పెడితే, వాటికి ఆ చట్టం వర్తించదు. అంటే గడప దాటించేది మనమైతే, చట్టం వెనకాల రాదు.

అభ్యర్థి సొంత జీవితాన్ని తవ్వి చూసి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చడం సంస్థలకూ మర్యాద కాదు. కానీ ఎవరైనా అలా చూసి పక్కన పెడితే ఆ సంగతి మనకు చెప్పరు. ‘సారీ’ అని ఒక మెయిల్ వస్తుంది, అంతే. అందుకే జాగ్రత్త మన చేతుల్లోనే ఉండాలి.

అలాగని అన్నీ మూసుకుని కూర్చోనక్కర్లేదు. చేసిన ప్రాజెక్టులు, నేర్చుకున్న కోర్సులు ధైర్యంగా నలుగురికీ చూపించండి. ఉద్యోగం వచ్చిన సంతోషాన్ని రెండు మాటల్లో రాయండి, లెటర్ మాత్రం ఫైల్లో ఉంచండి. లాగౌట్ అయ్యి మీ పేరుతో ఓసారి వెతకండి, కొత్తవాళ్లకు మీరెలా కనిపిస్తున్నారో తెలుస్తుంది. ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నింటినీ స్నేహితులకే పరిమితం చేసే సెట్టింగ్ ఉంది, వాడుకోండి.

ఇంకొక్క మాట. హాస్టల్లో నిద్రపోతున్న రూమ్మేట్ ఫొటో, బ్యాక్‌లాగ్స్ మిగిలిన ఫ్రెండ్‌పై వేసిన జోక్... ఇవి మీవి కావు, వాళ్లవి. వాళ్లూ మీలాగే ఉద్యోగం వెతుక్కుంటున్నారు. పెట్టేముందు ఒక్కసారి అడగండి. వాళ్ల గడపను కాపాడాల్సింది కూడా మనమే.