జీపుకు పొడుగు కాళ్ళు

బాలలూ! పోయిన నెలలో ఒక ఆదివారం నాడు మా వాకిట్లో జీపు ఆగిన చప్పుడయింది. బయటకు వచ్చి చూద్దును గదా, తాండూరు నుండి నా పాత శిష్యుడు వచ్చాడు. వాణ్ణి ఆనవాలు పట్టాను గాని, వాడి జీపును పట్టలేకపోయాను. నాలుగు చక్రాలకూ కమాను పట్టీలున్న పాతకాలపు బండి అది. ఎన్నోసార్లు ఎక్కినవాణ్ణే. ఇప్పుడది మునివేళ్ళ మీద నిలబడ్డట్టుంది.

“ఏమిరా, నీ జీపు ఎదిగిందే!” అన్నాను.

“పెద్ద టైర్లు ఏయించిన సార్. మడ్‌గార్డులకు రాస్తుంటే వెనక కమాన్లకు ఇనుప దిమ్మలు పెట్టించిన, ముందల రెండు పట్టీలు ఎక్కువ ఏయించిన. మా రేగడి చేన్ల దారి మీకు ఎరుకే గద సార్!”

ఎరుకే. తాండూరు చుట్టూ నల్లరేగడి నేల. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది ఆ నేలలోనే. వాన పడితే మాత్రం ఆ బురద మనిషి చెప్పునే వదలదు, బండి చక్రాన్ని వదులుతుందా? వీడు కలుపు తీసే కూలీలను చేలకు చేరవేస్తాడు. బడి రోజుల్లో పిల్లలను కూడా ఎక్కించుకుంటాడు. అందువల్ల ఆ జీపు సంగతి నాకు ఊరికే వదిలేసే సంగతి కాదు.

మొదట టైరు మీది అంకెలు చదివాం. మీరూ ఏ కారు దగ్గరికైనా పోయి చదవవచ్చు. వాడి పాత టైరు మీద 215/75 ఆర్ 15 అని ఉండేది. అనగా టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు. దాని ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు, అంటే దాదాపు 161 మిల్లీమీటర్లు. లోపలి ఇనుప చక్రం అడ్డుకొలత 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ పైనా ఉంది, క్రిందా ఉంది గనుక రెండుసార్లు కలపాలి. మొత్తం సుమారు 703. కొత్త టైరు 235/75 ఆర్ 15. అదే లెక్క వేస్తే సుమారు 733 వచ్చింది.

“చూసినారా సార్, మూడు సెంటీమీటర్లు లేచింది!” అన్నాడు వాడు.

“ఇరుసు ఎంత లేచింది?” అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. ఇరుసు ఉండేది చక్రం నడుమ. చక్రం మూడు సెంటీమీటర్లు పెరిగితే ఇరుసు లేచేది ఒకటిన్నరే. మరి దిమ్మలో? అవి ఇరుసుకూ కమానుకూ మధ్య ఉంటాయి. వాటివల్ల పైకి లేచేది బండి ఒళ్ళు మాత్రమే. బురదలో ముందుగా తగిలేది వెనక ఇరుసు మధ్యనున్న గుండ్రని ఇనుప పెట్టె. దానికి ఆ దిమ్మల వల్ల వెంట్రుకవాసి లాభం లేదు.

గుంతల సంగతి కూడా లెక్కకట్టాం. ముప్పై సెంటీమీటర్ల వెడల్పు గుంత ఉందనుకోండి. పాత టైరు అందులోకి 3.4 సెంటీమీటర్లు దిగుతుంది. కొత్తది 3.2 దిగుతుంది. మీటరున్నర ఎత్తుండే ఎడ్లబండి చక్రమైతే ఒకటిన్నరే దిగుతుంది. పై తరగతుల వాళ్ళు పైథాగరస్ సిద్ధాంతంతో దీన్ని సరిచూడవచ్చు. మన వడ్రంగులకు ఆ సిద్ధాంతం పేరు తెలియకపోయినా చక్రం ఎంత ఎత్తుండాలో తెలుసు.

ఇక మీరు చేయవలసిన ప్రయోగం ఒకటుంది. మూడు ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకుని ఇసుక నింపి కాగితం అంటించండి. ఒకటి విడిగా ఉంచండి. మిగతా రెంటినీ ఒకదానిమీద ఒకటి నిలువుగా అతికించండి. ఒక నున్నని పలక మీద వాటిని నిలబెట్టండి. మా ప్రాంతం పిల్లలకైతే తాండూరు బండ ముక్క ఉండనే ఉంది. పెట్టెల వెడల్పు ముఖం మీ వైపు ఉండాలి. జారకుండా ఎడమ ప్రక్క సన్నని పుల్లలు అంటించి, పలక కుడి అంచును మెల్లగా పైకెత్తండి. పొడుగుది ముందు పడుతుంది. బరువు నడిమి బిందువు ఎంత పైకి పోతే బండి అంత తొందరగా ఒరుగుతుందన్నమాట. వాలు మీదనే కాదు, మలుపులో కూడా అంతే.

వికారాబాదు నుండి తాండూరు పోయే త్రోవలోనే అనంతగిరి కొండలున్నాయి. మూసీనది పుట్టేది అక్కడే. ఆ అడవి దారి మలుపులు వాడికి నాకంటే బాగా తెలుసు. “వస్తుంటే ఎట్లా ఉంది?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. “కొంచెం ఊగింది సార్,” అన్నాడు. వెనక పదిమంది కూలీలు ఉంటే ఎంత ఊగేదో నేను అడగలేదు.

వేగం చూపే ముల్లు కూడా అబద్ధం చెబుతోంది. చక్రం పెద్దదైంది గనుక ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. ముల్లేమో చుట్లనే లెక్కపెడుతుంది. అది 60 చూపినప్పుడు అసలు వేగం 62న్నర పైన. మీ సైకిలు టైరు మీద సుద్దతో గీత గీసి, ఒక్క చుట్టుకు ఎంత దూరం పోతుందో నేల మీద టేపుతో కొలవండి, సంగతి బోధపడుతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఒక రబ్బరు గొట్టం. బ్రేకు నూనెను బండి ఒంటి నుండి ఇరుసుకు తీసుకుపోయేది అదే. వాడిచేత జాకీ పెట్టించి బండి ఒళ్ళు పైకెత్తించాను. చక్రాలు క్రిందికి వేలాడాయి. గొట్టం వీణ తీగలాగా బిగుసుకుపోయింది! దిమ్మ పెట్టినవాడు గొట్టం మార్చలేదు. చక్రం లోతు గుంతలోకి దిగిన ప్రతిసారీ అది అలాగే సాగుతుంది. ఏదో ఒకనాడు తెగుతుంది. వాడు దాన్ని వేలితో తాకి చూశాడు. ముఖం తెల్లబోయింది.

చట్టం సంగతి కూడా చెప్పాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు, తయారుచేసినవారు నిర్ణయించిన వాటికి తేడా వచ్చేట్టు దాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. పోటీల కోసం, కొండలెక్కడం కోసం ఇంజనీర్లు లెక్కకట్టి, గొట్టాలూ స్టీరింగు కడ్డీలూ అన్నీ మార్చి బండ్లను ఎత్తు చేసే దేశాలున్నాయి. అది వేరు. మన రోడ్డు ప్రక్క వెల్డింగు దిమ్మ వేరు.

వాడు ఆ పూట జీపును మా వాకిట్లోనే వదిలి రైల్లో తాండూరు పోయాడు. మూడో రోజు పాత టైర్లు తెచ్చుకుని ఇక్కడే దిమ్మలు తీయించాడు. సాగిన గొట్టాన్ని నమ్మక కొత్తది వేయించాడు. ఖర్చు రెండింతలయిందని గొణిగాడు గాని, పోయేటప్పుడు, “రండి సార్, అనంతగిరి దాకా తిరిగొద్దాం,” అన్నాడు. ఎక్కాను.

ఆ పెద్ద టైర్లలో రెండు ఇప్పుడు వాళ్ళ నాయన ఎడ్లబండికి ఉన్నాయట. మిగిలిన రెంటినీ వాళ్ళ పిల్లలు వాకిట్లో దొర్లించుకుంటూ ఆడుకుంటున్నారు.