స్లీప్ స్కోర్ సరే.. ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో చెప్పండి!

స్మార్ట్‌వాచ్ రివ్యూ రాసిన ప్రతిసారీ మీలో చాలామంది అడిగేది ఒకటే: "బ్రో, స్లీప్ ట్రాకింగ్ కరెక్టుగా ఉందా?" ఇన్నాళ్లూ "బానే ఉంది" అని ఒక లైన్ రాసి తప్పించుకున్నాను. ఈసారి పూర్తిగా చెప్తాను. ఎందుకంటే నేను నాలుగేళ్లుగా మొహానికి మాస్క్ తగిలించుకుని పడుకుంటున్నాను.

మాది మురమళ్ళ. నాకు రెండు జబ్బులు. ఒకటి యాంకైలోసింగ్ స్పాండిలైటిస్. వెన్నులో కీళ్లు వాచి, బిగుసుకుపోయి, ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు ఇది. కాలేజీ రోజుల నుంచీ నాతోనే ఉంది. రెండోది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోయి ఊపిరి ఆగడం. దీన్ని వాచీ కనిపెట్టలేదు, మా అమ్మ కనిపెట్టింది. మా ఊరి వీరేశ్వరస్వామి గుడిలో రాత్రిళ్లు నిత్యకల్యాణం జరుగుతుంది కదా, ఓ రోజు అది చూసొచ్చి నా గది గుమ్మంలో నిలబడి విన్నదట. పొద్దున్నే అంది: "గురకెడితే ఎట్టావులేరా, మజ్జిలో ఆగిపోతంది. మళ్లీ వత్తాదా రాదా అని అలాగే నించుండిపోయాను." ఆ రాత్రికి నా వాచీ ఇచ్చిన స్లీప్ స్కోర్ 81. "గుడ్" అట!

కాకినాడ వెళ్లి టెస్ట్ చేయించుకుంటే గంటకు 34 సార్లు అని తేలింది. దీన్నే ఏహెచ్ఐ అంటారు: గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క. 5 దాటితే మైల్డ్, 15 దాటితే మోడరేట్, 30 దాటితే సివియర్.

వాచీల మీద నాకు కోపం లేదు. అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో శాంసంగ్‌కీ, సెప్టెంబరులో యాపిల్‌కీ స్లీప్ ఆప్నియా ఫీచర్‌కు అనుమతి ఇచ్చింది. అయితే అవి అనుమానం చెప్పడం వరకే. ఇప్పటికే జబ్బు ఉందని తేలినవాళ్ల కోసం కాదని ఆ కంపెనీలే రాసుకున్నాయి. గురకని ఇంకా జోకుగానే చూసే మనలాంటి చోట ఆ అనుమానం చెప్పడమూ మేలే. మన 'గ్యాంగ్ లీడర్'కి పాటలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు ముంబైలో ఆయనకు వైద్యం చేసిన ఆస్పత్రి చెప్పిన కారణం స్లీప్ ఆప్నియానే. అది జోకు కాదు.

అసలు కష్టం జబ్బు తేలాక మొదలైంది. ఊపిరి డాక్టరు గారు "వెల్లకిలా పడుకోకండి, పక్కకి తిరిగి పడుకోండి" అన్నారు. వెన్ను డాక్టరు గారు ఎప్పటినుంచో "గట్టి పరుపు మీద వెల్లకిలా, నిటారుగా పడుకోండి, లేకపోతే వెన్ను వంగిపోతుంది" అంటున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెల్లకిలా తిరగగానే వైబ్రేట్ అయ్యే బెల్టులు ఉంటాయి. మంచి గాడ్జెట్లే, కానీ నేను ఒక పక్కన గంట పడుకుంటే తుంటి దగ్గర సలుపు మొదలవుతుంది. ఇద్దరూ ఒప్పుకున్నది ఒక్కటే, పల్చటి తలగడ. ఎత్తు తలగడతో మెడ ముందుకు వంగిందంటే వెన్నుకీ మంచిది కాదు, గొంతుకీ కాదు.

ఈ తగువు తీర్చింది సీపాప్ మెషిన్. 1980ల మొదట్లో సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే డాక్టరు కనిపెట్టింది. ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది, అంతే. ఆటో మోడల్ అయితే వెల్లకిలా తిరిగినప్పుడు ప్రెషర్ తనే పెంచుకుంటుంది. అలా నా వెన్ను చెప్పిన మాట విని పడుకునే వీలు దొరికింది. ఏహెచ్ఐ 2కి వచ్చేసింది.

పోయిన వానాకాలం వెన్ను బాగా రేగింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. ఈ జబ్బులో అంతే, పడుకునే కొద్దీ బిగుసుకుపోతాం, లేచి నాలుగడుగులు వేస్తే గానీ వదలదు. రాత్రిపూట వేసుకోమని ట్రమడాల్ ఇచ్చారు. నొప్పి తగ్గింది, ఏడు గంటలు కదలకుండా పడుకున్నాను. మెషిన్ స్క్రీన్ మీద మాస్క్ సరిగ్గా ఉందని నవ్వే బొమ్మ. వాచీలో స్కోర్ 92! అయినా పొద్దున్నే తల దిమ్ముగా ఉండేది. కుర్చీలో కూర్చుంటే కునుకు.

అనుమానం వచ్చి మెషిన్‌లోని ఎస్డీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఆస్కార్ అని ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా సీపాప్ మెషిన్ల కార్డులు చదువుతుంది. రాత్రంతా ఊపిరి గీత నిమిషం నిమిషం కనిపిస్తుంది. చూస్తే ఏహెచ్ఐ 11. అందులో ఎక్కువ భాగం "క్లియర్ ఎయిర్‌వే" అని గుర్తు పెట్టి ఉన్నవి. అంటే దారి తెరిచే ఉంది, కానీ ఊపిరి తీసుకోమని మెదడు చెప్పడం లేదు. గాలి ఎంత గట్టిగా కొట్టినా లాభం లేని రకం ఇది.

స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపితే డాక్టరు గారు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "రాత్రిళ్లు కొత్తగా ఏం మందు వేసుకుంటున్నారండీ?"

ట్రమడాల్ ఓపియాయిడ్ జాతి మందు. ఆ జాతి మందులు ఊపిరిని నెమ్మదింపజేస్తాయి, ఆప్నియా ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. నేను ఈయనకి ఆ బిళ్ల గురించి చెప్పలేదు, వెన్ను సంగతి ఈయనకెందుకులే అనుకున్నాను. మాస్క్ సంగతి ఆయనకీ సరిగ్గా చెప్పలేదు. ఇద్దరూ మాట్లాడుకుని మందు మార్చారు, కొద్దిరోజుల్లో గీత మళ్లీ కిందికి దిగింది. (మీరు మాత్రం సొంతంగా ఏ మందూ ఆపేయకండి. ఫోన్ చేసి అడగండి.)

ఇప్పుడు ఆ 92 గురించి. వాచీ దృష్టిలో కదలకుండా పడుకోవడమే మంచి నిద్ర. వెన్ను పట్టేసి లేచి నడిచినవాడికి మార్కులు తగ్గుతాయి, మందు మత్తులో ఊపిరి ఆగుతూ పడున్నవాడికి పెరుగుతాయి. వాచీలే కాదు, మెషిన్ కంపెనీల యాప్‌లూ ఇంతే. రెస్‌మెడ్ వాళ్ల మైఎయిర్‌లో వందకి 70 మార్కులు ఎన్ని గంటలు వాడామన్నదానికి, 20 మాస్క్ లీకేజీకి, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందన్నదానికి 5 మార్కులు, మాస్క్ తీసి పెట్టుకోవడానికి ఇంకో 5. వాడకం అలవాటు చేయడానికి పెట్టిన లెక్క అది, అర్థం చేసుకోగలను. కానీ ఒంట్లో రెండు జబ్బులున్నవాడికి ఆ ఒక్క అంకెతో పనిలేదు. లోపలి లెక్క కావాలి, అది బయటికి తీసి డాక్టరుకి చూపించే వీలుండాలి. ఫోన్‌లో బెంచ్‌మార్క్ స్కోర్ ఒక్కటే చూసి కొనొద్దని మీకు ఎన్నిసార్లు చెప్పాను! ఇదీ అంతే.

మాస్క్ గురించి చిన్న మాట. మెడ తిరగనివాళ్లకి చెయ్యి వెనక్కి పెట్టి పట్టీ లాగడం నరకం. మాగ్నెట్ క్లిప్పులున్న మాస్క్ హాయి. అయితే పేస్‌మేకర్, వెన్నులో స్టిమ్యులేటర్ లాంటి ఇంప్లాంట్లు ఉన్నవాళ్లకి ఆ మాగ్నెట్లు ప్రమాదం అని ఫిలిప్స్ 2022లో, రెస్‌మెడ్ 2023లో హెచ్చరికలు ఇచ్చాయి. ఆపరేషన్ అయినవాళ్లు అడిగాకే కొనండి.

ఇక మన కోనసీమ సమస్య, కరెంటు. గాలివాన వస్తే కొబ్బరిమట్ట తీగల మీద పడుతుంది, రాత్రంతా అంతే సంగతులు. 150 ఏహెచ్, 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. సీపాప్ 50 వాట్లు లాగినా ఎనిమిది గంటలకి 400. ఫ్యానుతో కలిపినా తెల్లారుతుంది. మా తేమకి వానాకాలంలో హ్యుమిడిఫైయర్ ఆపేస్తాను, ఇంకా తక్కువ లాగుతుంది. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరే తీసుకోండి, వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే కరెంటు పోయిన క్షణంలో మెషిన్ ఆగిపోవచ్చు. అర్ధరాత్రి మళ్లీ ఆన్ చేయడానికి మీరైతే చెయ్యి చాపుతారు. నేనైతే ముందు పక్కకి దొర్లి, మోచెయ్యి ఆన్చి, కాళ్లు కిందికి దించి, అప్పుడు లేవాలి.

వచ్చేవారం రెండు వాచీల రివ్యూలు ఉన్నాయి. స్లీప్ ట్రాకింగ్‌కి ఇకనుంచి స్టార్లు ఇవ్వను. దాని బదులు ఒక వరస ఉంటుంది: రాత్రి డేటా మొత్తం ఫైలుగా బయటికి తీయొచ్చా, లేదా. ఒకటి ఇప్పటికే చూశాను. లేదు.