ఒకే కనెక్షన్, ఎన్నో పరికరాలు: కొన్ని ఆలోచనలు

దేరాలోని నైఫ్ ప్రాంతపు బెడ్‌స్పేస్ గదులలో నివసించినవారికి రాత్రి తొమ్మిది గంటల వేళ సుపరిచితమే. పనుల నుండి తిరిగివచ్చిన మనవారు అందరూ ఒక్కసారిగా ఫోన్లు, కంప్యూటర్లు అందుకుంటారు. అప్పటికి కరీంనగర్‌లోనైనా, కడపలోనైనా పదిన్నర. పిల్లలు నిద్రకు ఉపక్రమించే సమయం. మరికొంత ఆలస్యమైతే ఆనాటికి బిడ్డ గొంతు వినే భాగ్యం లేనట్లే. సరిగ్గా అప్పుడే మాట తెగిపోతుంది, తెరపై ముఖం కదలక నిలిచిపోతుంది. ప్యాకేజీ చాలలేదు, ఇంకా పెద్దది తీసుకుందామని గదిలోని వారందరూ తీర్మానిస్తారు. ఈ తీర్మానం చాలావరకు పొరపాటని నా అభిప్రాయం.

ఒక కనెక్షన్‌ను పలువురు పంచుకొనడం ఎలా సాధ్యమో ముందు చూద్దాం. ఇంటర్నెట్‌లో యంత్రాలకు సంఖ్యారూపమైన చిరునామాలు ఉంటాయి. 32 బిట్ల పాత పద్ధతిలో ఇవి సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలవని గ్రహించిన ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇరువురు 1994 మే నెలలో ఒక ఉపాయాన్ని వివరించారు. ఎమిరేట్స్‌లో ఉన్న మనకు దానికి తగిన పోలిక చేతిలోనే ఉంది. ఇక్కడ ఉత్తరాలు ఇంటి గుమ్మానికి గాక పోస్టు బాక్సుకు చేరడం చిరకాలపు వాడుక. వందమంది ఉద్యోగులున్నా కంపెనీకి బాక్సు నంబరు ఒకటే; వచ్చిన ఉత్తరం ఎవరిదో చూసి పంచేవాడు ఆఫీసు గుమాస్తా. మన గదిలోని రౌటర్ అటువంటి గుమాస్తాయే. లోపలి పరికరాలకు 192.168తో మొదలయ్యే సొంత సంఖ్యలనిచ్చి, ఎవరు ఏమి అడిగారో పట్టికలో వ్రాసుకొని, బయటకు తన ఒక్క చిరునామానే చూపుతుంది. 1999లో విండోస్ 98 రెండవ కూర్పు వచ్చినప్పుడు ఈ గుమాస్తాగిరీని ఇంట్లోని ఒక కంప్యూటరే చేసేది. దానిని ఆర్పితే తక్కినవారికీ ఇంటర్నెట్ ఆగిపోయేది!

ఇక మాట తెగడానికి కారణం. సంభాషణకు పెద్ద వేగం అక్కరలేదు. సెకనుకు వంద కిలోబిట్లు స్వరానికి సరిపోతాయి. కావలసినది సకాలంలో చేరడం. ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు మించకుండడం మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచన. గదిలో ఒకరి ఫోన్ తన వీడియోలను బ్యాకప్‌కు పంపడం ఆరంభించిందనుకోండి. రౌటర్ వాటినన్నింటినీ పొడవైన వరుసలో నిలబెడుతుంది; మన మాట ఆ వరుస చివరకు చేరుతుంది. కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ప్రకటించిన ‘కోడెల్’ పద్ధతి ఈ వరుస పెరగకుండా చూస్తుంది. తరువాత దానికి చేర్చిన మార్పుతో, భారీ ఫైళ్ల వెనుక చిన్న సంభాషణ నిలబడనవసరం లేదు. కొన్ని రౌటర్లలో ఈ సదుపాయం ఉంది, వెదకి చూడండి. లేనిచో పది గంటల వరకు బ్యాకప్‌లు, సినిమాలు ఆపుకొనడం నెలనెలా అదనపు దిర్హాములు చెల్లించడం కన్న నయం. ఇరుకు భవనాలలో పొరుగువారి వైఫై అడ్డుతగలడం కూడా ఉన్నదే. దానికి 5 గిగాహెర్ట్‌జ్ వైపు మారడం కొంత మందు.

మరొక సంగతిలో నాకు ఇంతకన్న పట్టుదల. బయటివారికి కనిపించేది ఒకే చిరునామా, ఒప్పంద పత్రంపై ఉన్నది ఒకే పేరు. గదిలో ఎవరు ఏ తప్పు చేసినా తొలి ప్రశ్న ఆ పేరు గలవానికే ఎదురవుతుంది. బిల్లును తలా ఇంతని పంచుకుంటాము గాని ఈ భారాన్ని పంచుకోము. పాస్‌వర్డు మాత్రం గది విడిచినవారి వద్దనూ, పక్క ఫ్లాటులోనూ మిగిలిపోతుంది. ఒకరు మంచం ఖాళీ చేసిన రోజున తాళంచెవి తీసుకున్నట్లే పాస్‌వర్డునూ మార్చాలి. గోడ దాటించి పొరుగువారికి అమ్ముకొనడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

నిన్న విమానం దిగి, ఇంకా జీతం ముట్టని కుర్రవాని సంగతేమిటని ఒక మిత్రుడు ప్రశ్నించాడు. అతనికి రౌటర్‌లోని అతిథుల నెట్‌వర్క్ తెరచి ఇవ్వాలి. మొదటి జీతం వచ్చేవరకు వాటా అడగరాదు. క్షేమంగా చేరానని అమ్మకు ఆ రాత్రే చెప్పుకోవాలి గదా.