వారానికి అరగంటతో బిడ్డ బతుకు మారుతుందా?

సెరిబ్రల్ పాల్సీ గానీ ఆటిజం గానీ ఉన్న బిడ్డను చంకనెత్తుకుని, రెండు బస్సులు మారి, ఒక తల్లి థెరపీ కేంద్రానికి వెళుతుంది. దక్కేది వారానికి అరగంట. మిగిలిన ఆరు రోజులూ ఆ బిడ్డకు దిక్కెవరు? ఈ ప్రశ్నకు ప్రభుత్వం వద్ద సమాధానం లేదు. మనమూ గట్టిగా అడగలేదు.

తన చేత్తో తాను ముద్ద తినడం, గుండీ పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం వంటి నిత్యకృత్యాలను బిడ్డకు సాధ్యం చేసేదే ఆక్యుపేషనల్ థెరపీ. వందలసార్లు చేయిస్తే గాని ఇవి పట్టుబడవు. థెరపీ సహాయకుల అవసరం ఇక్కడే ఉంది. బిడ్డను పరీక్షించి లక్ష్యాలు నిర్ణయించడం, పద్ధతి మార్చడం థెరపిస్టు బాధ్యత. నిర్ణయించిన సాధనను రోజూ చేయించడం, కూర్చునే తీరు సరిదిద్దడం, తల్లికి నేర్పడం, కనిపించిన మార్పును థెరపిస్టుకు తెలపడం సహాయకుల పని.

కుర్చీ, బల్ల, చెంచాలతో నేర్చిన పాఠం దస్తర్‌ఖాన్ ముందు నేలమీద కూర్చునే బిడ్డకు ఎంతవరకు అక్కరకొస్తుంది? పైజామా నాడా ముడివేయడం, లోటాతో నీళ్లు వంచుకోవడం, వుజూ చేసుకోవడం మన ఇంటి పిల్లలు నేర్వవలసిన పనులు. ఉర్దూ తప్ప మరో భాష రాని తల్లి చేతికి ఇంగ్లిషు కాగితమిచ్చి ‘ఇంట్లో చేయించండి’ అంటే ఆమె ఏం చేయగలదు? ఆ బస్తీలోనే పెరిగి, శిక్షణ పొందిన యువతి అయితే ఆ తల్లి భాషలోనే చెప్పగలదు, ఆ ఇంట్లోనే చేసి చూపగలదు.

‘ధనికులకు థెరపిస్టు, పేదలకు సహాయకురాలా?’ అని కొందరు నిలదీస్తారు. ఆ అనుమానం న్యాయమైనదే. థెరపిస్టు పర్యవేక్షణ లేని సహాయకులను మేమూ అంగీకరించం. థెరపిస్టు పోస్టులు ఎగ్గొట్టడానికి ఇది సాకు కాకూడదు. అర్హత లేకుండానే బోర్డులు తగిలించి ఫీజులు దండుకునే వారినీ అడ్డుకోవాలి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. మండలాల్లో భవిత కేంద్రాలు, జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. ఉర్దూను రెండో అధికార భాషగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో చట్టబద్ధం చేశాయి. చట్టాలకు కొదవ లేదు; బిడ్డ పక్కన కూర్చునే మనిషే కరవు. ఆ కేంద్రాల్లో థెరపీ సహాయకుల పోస్టులు మంజూరు చేయాలి. శిక్షణ, అర్హత, గౌరవప్రదమైన జీతం నిర్ణయించాలి. ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నచోట ఆ భాష తెలిసినవారినే నియమించాలి.

మన వైపూ తప్పుంది. నలుగురూ ఏమంటారోనని బిడ్డను గదిలో దాచడం, తావీజు కట్టి ఏళ్లు గడిపేయడం ఇకనైనా మానాలి. నేర్చుకునే వయసు తిరిగి రాదు. ఈ నెలలోనే మీ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లండి. థెరపిస్టు ఎప్పుడు వస్తారో, మిగిలిన రోజుల్లో సాధన ఎవరు చేయిస్తారో రాతపూర్వకంగా అడగండి.